పిల్లల ఉగాది పార్టీలో చేదు ఉండాలా?

ఉగాది పచ్చడి వీడియో పెట్టినప్పటి నుంచీ ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "మా పిల్లలు వేపపువ్వు ముట్టరండీ, అది వెయ్యకుండా చెయ్యొచ్చా?" వీడియోలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను, రెండు రేకులు వేస్తే చాలని. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే ఈసారి ఉగాది సాయంత్రం మా ఇంట్లోనే పిల్లల పార్టీ పెట్టుకున్నాం. చేదు వెయ్యాలా వద్దా అన్నది ఇప్పుడు నాకు పన్నెండు కప్పుల లెక్క.

ముందు ప్లాన్ చెప్తాను. మార్చి 19, గురువారం. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా. మా బ్లాకులో నాలుగేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు పన్నెండు మంది. వాళ్ళ చేత మామిడాకుల తోరణం కట్టిద్దామని ఒక ఆలోచన. పురికొస ముందే కట్టి ఉంచితే ఆకు మడిచి పుల్ల గుచ్చడం ఆరేళ్ళ పిల్లకి బాగానే వస్తుంది. తర్వాత ఆరు గిన్నెల ఆట, కళ్ళకి గంతలు కట్టుకుని ఏ రుచో చెప్పడం. తర్వాత కుర్చీలాట. తినడానికి మామిడికాయ పులిహోర, చిన్న చిన్న బొబ్బట్లు, పల్చటి మజ్జిగ. కేక్ లేదు. దాని గురించి కొంచెం గొడవ అయింది, అది వదిలేద్దాం.

వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టిన గంటలోనే మూడు విన్నపాలు వచ్చాయి. పచ్చడిలో వేపపువ్వు వద్దు, మా వాడు కక్కేస్తాడు. కుర్చీలాట వద్దు, ఔట్ అయిన పిల్లలు ఏడుస్తారు, అందరూ గెలిచే ఆట ఏదైనా పెట్టండి. మూడోది నాకు నవ్వు తెప్పించింది. పిల్లలకి సంవత్సరం పేరు చెప్పకండి ప్లీజ్, అర్థం అడిగితే ఏం చెప్తాం?

నిజమే. ఈ ఏడు పేరు పరాభవ. అంటే ఓటమి, అవమానం. "శ్రీ పరాభవ నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు" అని పువ్వుల బొమ్మ పెట్టి పంపుతాం కదా, ఒక్కసారి విడదీసి చదవండి. మీకు మంచి ఓటమి కలుగుగాక అన్నట్టు ఉంటుంది! అయినా దాన్ని దాటేసే వీలు లేదు. ఏడాది పొడుగునా ఏ పూజ చేసినా సంకల్పంలో ముందు కాలం చెప్పుకోవాలి, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెప్పుకోవాలి, ఆ తర్వాతే మన గోత్రం, పేరు. పరాభవ అనే మాట పలికి గానీ మన పేరు దేవుడికి చెప్పుకోలేం ఈ సంవత్సరం.

2020 ఉగాది గుర్తుందా? మార్చి 25. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు అదే. ఆ ఏడు పేరు శార్వరి, అంటే రాత్రి. తర్వాతి ఏడు ప్లవ, అంటే దాటించే పడవ. పేర్లకీ జరిగేవాటికీ ముడిపెట్టి భయపెట్టడం నాకు ఇష్టం ఉండదు, అలాంటి వీడియోలు మన ఛానల్లో రావు కూడా. నేను చెప్పేది వేరే. అరవై పేర్లలో శుభకృత్ ఉంది, శోభకృత్ ఉంది, వాటి పక్కనే క్రోధి ఉంది, పరాభవ ఉంది. ఈ జాబితా కట్టినవాళ్ళకి మంచి మాటలు దొరక్క కాదు కదా ఆ పేర్లు పెట్టింది. పంచాంగ శ్రవణంలో రాజపూజ్యం ఎంతో చెప్పిన నోటితోనే అవమానం ఎంతో కూడా చెప్తారు. పక్కపక్క గడుల్లోనే రాస్తారు.

ఇదంతా విని మా అత్తయ్య తేల్చేసింది. "ముక్కు మూసి పొయ్యి. మాకలాగే పోశారు." ఆవిడ 1966లో, కిందటి పరాభవలో, నాలుగేళ్ళ పిల్ల. వాళ్ళ నాయనమ్మ అలాగే పోసిందట. చేదు మింగితేనే గట్టిపడతారని ఆవిడ నమ్మకం. ఇలా అనేవాళ్ళు గీతలో పద్దెనిమిదో అధ్యాయాన్ని సాయం తెచ్చుకుంటారు. సాత్త్విక సుఖం మొదట విషంలా ఉండి చివరికి అమృతమవుతుందని అక్కడ ఉంది కాబట్టి, వేపపువ్వు తినిపిస్తే మంచిదేనని.

నాకు అక్కడ అనుమానం. ఆ మాట తనంతట తాను కష్టాన్ని పట్టుకున్నవాడి గురించి. రోజూ నాలుగున్నరకి లేచి సాధన చేసేవాడికి అది వర్తిస్తుంది. ముక్కు మూసి పోయించుకున్న నాలుగేళ్ళ పిల్లకి అందులో సాధన ఏముంది? పెద్దవాళ్ళ చేతులకి తన చేతులకంటే బలం ఎక్కువ అన్న సంగతి ఒక్కటే తెలుస్తుంది. ఆ సంగతి పిల్లలకి ముందే తెలుసు. అత్తయ్యనే అడిగాను, ఆ రోజు వేపపువ్వు రుచి గుర్తుందా అని. రుచి గుర్తులేదట. నాయనమ్మ గాజులు చెంపకి గుచ్చుకోవడం గుర్తుందట.

అలాగని వద్దన్న తల్లుల మాటని కొట్టిపారెయ్యలేను. మూడో ఫ్లోర్ ఆవిడ సరిగ్గానే అడిగింది. "స్కూల్లో ర్యాంకులు, డ్యాన్స్ క్లాసులో ఎవరు ముందు నిలబడాలన్న పోటీ, వాళ్ళకి చేదు తక్కువైందా అక్కా? పండగ రోజైనా రెండు గంటలు తియ్యగా ఉండనివ్వు." దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. పిల్లల్ని సంతోషపెట్టడం చిన్న పనేమీ కాదు. పిల్లల కడుపు నిండితే అదే నైవేద్యం అని మా అమ్మ అనేది. తియ్యటి పార్టీ తప్పని చెప్పే శాస్త్రం ఏదీ నాకు కనపడలేదు.

ఈ రెండు వాదనల మధ్య ఎటూ తేలక, వేపపువ్వు వేరే కప్పులో పెట్టేద్దాం, కావలసినవాళ్ళు వేసుకుంటారు అనుకుంటున్నాను. అప్పుడు పిలవాల్సిన పిల్లల లిస్టు రాయడానికి కూర్చున్నాను. పదకొండు పేర్లు గబగబా రాశాను. పన్నెండో పేరు దగ్గర చెయ్యి ఆగింది.

ఆ పాపకి ఆరేళ్ళు. వాళ్ళ తాతయ్య కార్తీకంలో పోయారు. నాన్నకి నాన్న. రోజూ సాయంత్రం గేటు దగ్గర బెంచీ మీద కూర్చుని మా బ్లాకు పిల్లలందరికీ పేరు పేరునా మరమరాలు పంచిన మనిషి. సంవత్సరీకం అయ్యేదాకా ఆ ఇంట్లో పండగ లేదు. తోరణం కట్టరు, పిండివంట చెయ్యరు, కొత్త బట్టలు కట్టరు. ఇది మైల కాదండి. మైల ఆ పదిపన్నెండు రోజులతోనే పోయింది. పండగ చేసుకోకపోవడం పోయిన మనిషికి ఇచ్చే మర్యాద. కొన్ని ఇళ్ళలో గట్టిగా పాటిస్తారు, కొన్ని ఇళ్ళలో కొంచెం సడలిస్తారు. ఏది సరైందో చెప్పాల్సింది ఆ ఇంటి పెద్దలు, నేను కాదు.

కానీ లిస్టు ముందు కూర్చుంటే ఒక విషయం తెలిసింది. చేదు వద్దు, ఓటమి వద్దు, ఆ పేరే ఎత్తొద్దు అని కట్టుకున్న పార్టీలో ఈ పాపకి చోటు ఎక్కడ? ఆమెని పిలిస్తే ఎవరో ఒక పిల్లాడు "మీ తాతయ్య ఏరి?" అంటాడు. మేమంతా "ఉష్" అని వాడి నోరు మూసి ఇంకో బొబ్బట్టు పెడతాం. పిలవకపోతే ఐదో ఫ్లోర్ నుంచి ఆటల చప్పుడు వింటుంది. తియ్యదనం ఒక్కటే ఉండాలనుకున్న చోట, ఏ పిల్లకి చేదు నిజంగా తగిలిందో ఆ పిల్లే బయట నిలబడాల్సి వస్తోంది. మేం ఎవరం అలా అనుకుని ఏర్పాటు చెయ్యలేదు. అయినా ఏర్పాటు అలాగే తయారైంది.

ఇక్కడ నాకు వాల్మీకి రామాయణం గుర్తొచ్చింది. అయోధ్యకాండ మొదలే ఒక వసంతకాలపు వేడుకకి ప్లానింగ్. చైత్రమాసం, అడవులన్నీ పూచి ఉన్నాయి, రాముడికి యువరాజ పట్టాభిషేకం చేద్దామని దశరథుడు అంటాడు. వీధులు కడుగుతారు, పూలు కడతారు, దీపాలకి ఏర్పాట్లు చేస్తారు. ఆ హడావిడి మధ్యలో వాల్మీకి పిల్లల్ని మర్చిపోలేదు. ఇళ్ళ గుమ్మాల దగ్గర గుంపులు గుంపులుగా ఆడుకుంటున్న పిల్లలు కూడా రాముడి పట్టాభిషేకం గురించే మాట్లాడుకున్నారని రాశాడు. పట్టాభిషేకం వీడియోలో ఈ సంగతి చెప్పాను, చాలామందికి నచ్చింది.

అప్పుడు చెప్పనిది ఇప్పుడు చెప్తాను. తెల్లారేసరికి వేడుక లేదు. పట్టం కట్టుకోవాల్సినవాడు నారచీరలు కట్టుకుని రథం ఎక్కాడు. ఆ గుమ్మాల దగ్గర పిల్లలకి ఏం చెప్పి ఉంటారు? లోపలికి లాక్కుని తలుపులు వేసి ఉండొచ్చు కదా, చిన్నపిల్లలు, ఇవన్నీ చూడకూడదని. వాల్మీకి రాసింది వేరు. పిల్లలు, ముసలివాళ్ళతో సహా ఊరంతా ఆ రథం వెనక పరుగెత్తిందట. కిందటి రోజు సంబరాన్ని గుమ్మం దగ్గర మాట్లాడుకున్న పిల్లలే ఈరోజు దుమ్ములో పరుగెత్తారు. ఎవరూ వాళ్ళని ఆపినట్టు లేదు. ఎవరూ బలవంతంగా లాక్కెళ్ళినట్టూ లేదు. ఊరు వెళ్తోంది, ఊరితో వాళ్ళూ వెళ్ళారు.

ఉగాది పచ్చడి గురించి నాకున్న పాత ఆలోచన అక్కడ మారింది. తీపి అంటే సంతోషం, చేదు అంటే బాధ, పులుపు అంటే ఇంకేదో అని చార్టులు వేస్తాం కదా. మన వీడియోలోనూ ఒకటి వేశాం, బాగానే చూశారు. కానీ నోట్లో పెట్టుకుంటే అలా ఆరు గడులు ఉండవు. కొత్త బెల్లం, చింతపండు పులుసు, మామిడి ముక్కలోని పులుపూ వగరూ, ఉప్పు, కారం, వేప, అన్నీ ఒకే చెంచాలో ఉంటాయి. తెలంగాణ ఇళ్ళలో అయితే కొత్త కుండలో పల్చగా కలిపి గ్లాసుల్లో పోసుకుని తాగేస్తారు. కర్ణాటకలో అంత హంగు కూడా లేదు, బేవు బెల్ల అని వేపా బెల్లమే. ఒకసారి కలిపాక వేపని ఏరి పక్కన పెట్టలేం. చేదు ఆ చెంచాలో ఉన్నది పిల్లల్ని గట్టిపరచడానికి అని మా అత్తయ్య అంటే నేను ఒప్పుకోను. ఏడాదిలోకెల్లా తియ్యటి రోజున కూడా చేదుకి ఒక పీట వేసి ఉంటుంది. ఆ ఏడు చేదు మింగినవాళ్ళు వచ్చి కూర్చోవడానికి అది ఉందని నాకనిపిస్తోంది. వేపని వేరే కప్పులో పెడితే ఆ పీట తీసేసినట్టే.

అందుకని పచ్చడి కలిపే చేస్తున్నాను. వేప కొంచెమే. కారానికి పచ్చిమిర్చి బదులు మిరియాలు. ఎవరి ముక్కూ మూసేది లేదు. నాలిక చివర పెట్టి వద్దంటే వద్దు, పక్కన పెట్టెయ్యొచ్చు. ఇది సగం సగం రాజీ అని అత్తయ్య అంటోంది. కావచ్చు.

కుర్చీలాట కూడా ఉంటుంది. అందరికీ ఫస్ట్ ప్రైజ్ ఇచ్చే ఆట పిల్లలు నమ్మరండి. గెలవలేదని వాళ్ళకి తెలుసు, ప్రైజ్ చేతిలో ఉన్నా తెలుసు. ఔట్ అయిన పిల్ల ఏడవడం ఓడిపోయినందుకు కొంచెమే. ఎక్కువగా ఏడ్చేది ఆటలోంచి గోడ పక్కకి పోవాల్సి వచ్చినందుకు. అందుకే ఔట్ అయినవాళ్ళ చేతికి డోలు ఇస్తాం. తర్వాతి రౌండులో ఎప్పుడు ఆపాలో వాళ్ళ ఇష్టం. అలా ఒకరి తర్వాత ఒకరు డోలు దగ్గర చేరతారు. చివరికి గెలిచినవాడు ఒక్కడే కుర్చీలో ఉంటాడు, మిగతా పదకొండు మందీ డోలు చుట్టూ ఉంటారు. ఎవరికి ఎక్కువ మజా వస్తుందో చూడాలి.

ఇక సంవత్సరం పేరు. దానికి పెద్దలు చెప్పే కథ ఉండనే ఉంది. నారదుడు విష్ణుమాయని తక్కువగా మాట్లాడి, కొలనులో మునిగి స్త్రీ అయి లేస్తాడు. ఒక రాజుని పెళ్ళి చేసుకుంటాడు, అరవై మంది కొడుకులు పుడతారు. యుద్ధంలో అందరూ పోతారు. ఆ తల్లి ఏడుపు చూసి విష్ణువు, నీ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఏడాదికొకరు చొప్పున లోకాన్ని ఏలతారని వరం ఇస్తాడు. పెద్దవాడు ప్రభవ, ఆఖరివాడు అక్షయ. పరాభవ నలభయ్యోవాడు. చిన్నప్పటి నుంచీ ఈ కథ వింటున్నా, ఆ పేర్లన్నీ పోయిన పిల్లల పేర్లని నేను ఆగి ఆలోచించింది మొన్ననే. పిల్లలకి ఇలా చెప్తాను. ఇన్నాళ్ళూ ఈ అబ్బాయి తన వంతు కోసం లైన్లో నిలబడ్డాడు, ఈ ఏడు వాడిది. పేరు బాగాలేదని వాడిని లైన్లోంచి తీసెయ్యలేదు ఎవరూ. మళ్ళీ 2086లో వస్తాడు. అప్పటికి మీకు అరవై దాటుతాయి అంటే పడీపడీ నవ్వుతారని నా అంచనా.

ఐదో ఫ్లోర్‌కి నేనే వెళ్ళాను. మెసేజ్‌లో అడిగే విషయం కాదు. పాప వాళ్ళ నాయనమ్మ ఎదురుగా కూర్చుని, "మీకు ఈ ఏడు పండగ లేదని తెలుసు పిన్నిగారూ, పాపని ఆటలకి పంపిస్తారా, లేక బాగుండదా?" అని అడిగాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పండగ లేనిది ఇంటికమ్మా, పిల్లకి ఆట లేకుండా ఎలా?" అంది. కోడలు మాత్రం గుమ్మం దాకా వచ్చి నెమ్మదిగా చెప్పింది. "కొత్త బట్టలు వెయ్యం అక్కా. అందరూ పట్టులంగాలు వేసుకుని వస్తే ఇది అడుగుతుంది."

కిందకి వచ్చి గ్రూపులో మెసేజ్ మార్చాను. "పిల్లలందరినీ పాత బట్టల్లో పంపండి. మట్టి ప్రమిదలకి రంగులు వేయిస్తున్నాం, మరకలు పోవు." ప్రమిదలకి రంగులు మొదటి ప్లాన్‌లో లేవు, ఇప్పుడు పెట్టాను. కొత్త బట్టలు పొద్దున పూజకి వేసుకుంటారు, సాయంత్రానికి అక్కర్లేదు. ఇద్దరు తల్లులకి కొంచెం నిరాశ, ఫొటోలు బాగా రావని. ఇది కూడా ఒక రకంగా దాచడమే కదా అని నన్ను నేను అడిగాను. పాపకి బట్టలు ఎందుకు లేవో దాచడం లేదు. పాపకి తెలుసు, అడిగిన పిల్లలకి చెప్తాం కూడా. పన్నెండు మందిలో ఆమె ఒక్కతే వేరేగా కనపడకుండా చూస్తున్నాం, అంతే. ఈ తేడా నాకు ముఖ్యం. మీలో కొందరికి జుట్టుని చీల్చినట్టు అనిపించొచ్చు.

వేపపువ్వు కొనడానికి ముందురోజు సాయంత్రం గుడిమల్కాపూర్ వెళ్దామనుకున్నాను. మామిడాకులూ, పూలూ అన్నీ ఒక్క చోటే దొరుకుతాయి. ఆ మాట పాప వింది. "కొనక్కర్లేదు ఆంటీ, గేటు దగ్గర చెట్టుంది కదా" అంది. కిందటి ఉగాదికి తాతయ్యతో కలిసి అదే కోసిందట. ఎలా కొయ్యాలో కూడా చెప్పింది. ఎండ రాకముందే వెళ్ళాలి. కొమ్మ విరవకూడదు. కింద దుప్పటి పరిచి, కర్రతో కొమ్మని మెల్లగా ఊపితే విచ్చిన పువ్వే రాలుతుంది, మొగ్గ రాలదు. తర్వాత చేటలో పోసి కాడలు ఏరాలి, అది తను చేస్తుంది, తాతయ్యకి కళ్ళు సరిగ్గా కనపడేవి కావు కాబట్టి అప్పుడూ తనే ఏరింది.

గురువారం పొద్దున ఆరింటికి ఇద్దరం గేటు దగ్గర కలుసుకుంటున్నాం. కర్ర వాచ్‌మన్ ఇస్తానన్నాడు. దుప్పటి నేనే తీసుకెళ్ళాలి, తాతయ్య దుప్పటి ఎవరికో ఇచ్చేశారట.